పటంలో బాలింత

ముఖసాక్షి వచ్చాక మా శాఖలో ఆకలిని కొలిచే పద్ధతి మారింది. ఇదివరకు పొట్ట చూసి అన్నం పెట్టేవాళ్ళం, ఇప్పుడు మొహం చూసి పెడుతున్నాం. ముఖసాక్షి అంటే మనిషి కాదు, ఫోనులో ఉండే యాప్. అంగన్‌వాడీకి వచ్చిన గర్భిణినో బాలింతనో టీచరు ఫొటో తీస్తే, ఆధార్ కార్డులో ఉన్న మొహమూ ఈ మొహమూ ఒకటేనా కాదా అని అది చూసుకుంటుంది. ఒకటే అయితే మొహం చుట్టూ పచ్చ గుండ్రం పడుతుంది. పచ్చ గుండ్రం పడితే గుడ్డు, పాలు, పప్పన్నం. ఎర్ర గుండ్రం పడితే ఇంటికి పొమ్మని. దొంగ లబ్ధిదారులను పట్టుకోవడానికి దీన్ని కనిపెట్టారట. గుడ్డు కోసం వేరే ఆడదాని మొహం తగిలించుకుని వచ్చే బాలింత నా సర్వీసులో ఒక్కతీ తగల్లేదు. తగలకపోవడం నా పర్యవేక్షణ లోపమని పైవాళ్ళు సెలవిచ్చారు.

నేను సెక్టార్ సూపర్‌వైజర్ని. నా కిందున్న అంగన్‌వాడీల్లో దొరసానిమెట్ట ఒకటి. ఊరికి ఆ పేరు రావడానికి కారణం ఇటలీ నుంచి వచ్చిన సిస్టర్లు. వాళ్ళు మెట్ట మీద ఆడపిల్లలకు బడి పెట్టి, చాలాకాలం నడిపి, చివరికి మూసేసి వెళ్ళిపోయారు. ఆ బడి గదిలోనే ఇప్పుడు మా కేంద్రం. పోతూ పోతూ బల్లలూ గంటా పట్టుకుపోయారు గానీ గోడ మీది పటాలు వదిలేశారు. నిలువెత్తు చెక్క ఫ్రేములు అవి. మేకులు గోడలో ఎంత లోతు దిగాయంటే, పటం కదిపితే గోడ కూడా వెంట వస్తానంటుంది.

అన్నీ ఒకే చిత్రకారుడి బొమ్మలకు నకళ్ళు. ఐదువందల ఏళ్ళ కిందటి మనిషి. పేరున్న చోట చెదలు తినేశాయి గనక ఊళ్ళో అందరూ ఆయన్ని ఇటలీ మేస్త్రి అంటారు. మధ్యలో పెద్ద పటం మరియమ్మది, ఒళ్ళో పసివాడు, ఆవిడ తల వెనక బంగారు వెలుగు. దాని కింద చిన్న పటంలో రెక్కలున్న ఇద్దరు బొద్దు పిల్లలు. ఎడంపక్క పూర్తిగా పక్కకి తిరిగి కూర్చున్న ఒక గొప్పింటి ఆడమనిషి. కుడిపక్క ఎర్ర టోపీ పెట్టుకుని, ముక్కు కొక్కెంలా వంగి, అప్పు వసూలుకు వచ్చినట్టు మనవంకే చూసే ఒక ముసలి పెద్దమనిషి.

మా టీచరు అనసూయ చిన్నప్పుడు ఆ బడిలోనే చదువుకుంది. ఆఖరి సిస్టరు చెప్పిన సంగతులు ఆమెకింకా గుర్తే. ఆ రోజుల్ని పునరుజ్జీవన కాలం అంటారట. మేస్త్రికి రెండు రకాల గిరాకీ ఉండేదట, చర్చీలకు దేవుడి బొమ్మలు, గొప్పవాళ్ళకు సొంత బొమ్మలు. గొప్పవాళ్ళలో కొందరు మెల్లకన్నో పులిపిరో కనపడకుండా పక్కకి తిరిగి కూర్చునేవారట. కానీ మరియమ్మ బొమ్మ వెయ్యాల్సి వచ్చినప్పుడు ఆయన ఏ దొరగారి భార్యనూ కూర్చోబెట్టలేదు. వీధి చివర రొట్టెలు కాల్చే బాలింతను పిలిచి, ఆవిడ మొహమే తల్లికి పెట్టాడు. ఇది విన్నప్పుడు నాకు ఆ మేస్త్రి మీద గౌరవం కలిగింది. ఆయన మా శాఖలో పనిచేసి ఉంటే ఎంతోకాలం నిలిచేవాడు కాదు.

గొడవంతా సువార్తతో మొదలైంది. సువార్త పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఆకు గుచ్చే కూలి. మొదటి కాన్పు, ఆడపిల్ల, పేరు రూతు. మొగుడు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటాడు. బిడ్డ చంకలో పిల్లికూనంత ఉంది. పాలు చాలటం లేదు. పాలు రావాలంటే తల్లి తినాలి, తల్లి తినాలంటే ముఖసాక్షి ఒప్పుకోవాలి. ఆధార్‌లో సువార్తకు బూరెల్లాంటి బుగ్గలున్నాయి. అది పెళ్ళికి ముందు తీసిన ఫొటో. ఎండా, ఆకు గుచ్చుడూ, కాన్పూ కలిసి ఆ బుగ్గల్ని ఎప్పుడో తినేశాయి. అనసూయ ఫోను ఎత్తిన ప్రతిసారీ ఎర్ర గుండ్రమే. కింద అక్షరాలు: ‘ముఖం సరిపోలలేదు. దయచేసి మీ సొంత ముఖంతో మళ్ళీ ప్రయత్నించండి.’

“ఇదే గదమ్మా నా మొహం. ఇంకోటేమన్నా ఇంటికాడ పెట్టొచ్చానా?” అంది సువార్త.

అనసూయ ఒక ఉపాయం ఆలోచించింది. ఆధార్ లేని వలస బాలింతల కోసం యాప్‌లో ‘కొత్త నమోదు’ అని ఒక మీట ఉంది. మొహం స్పష్టంగా ఉంటే చాలు. సువార్తను కొత్త మనిషిగా రాయిద్దామని ఆ మీట నొక్కింది. యాప్ ఒక్క క్షణం ఆలోచించి, ‘మీరు ఇదివరకే ఉన్నారు’ అంది. పాత మనిషిగా వస్తే నువ్వు నువ్వు కాదంది. కొత్త మనిషిగా వస్తే నువ్వు ఉన్నావంది. సువార్త నీరసంగా తల వంచుకుంది. ఆ తల వంచుకున్న సందులో ఆమె వెనక గోడ మీద మరియమ్మ మొహం ఫోనుకు నిండుగా దొరికింది. టక్కున పచ్చ గుండ్రం పడింది. ఫ్రేము కింద చెక్కిన అక్షరాలు కూడా యాపే చదువుకుని పేరు నింపేసింది: మరియ. ఒళ్ళో శిశువు, మగ. నమోదు విజయవంతం.

మర్నాడు నన్ను పిలిపిస్తే వెళ్ళాను. తీసెయ్యడం ఎంతసేపు అనుకున్నాను. ‘తొలగించు’ నొక్కితే కారణం అడిగింది. మూడే కారణాలు ఉన్నాయి, మరణం, వలస, పుట్టిల్లు. మరణం అంటే ప్రసూతి మరణమా అని అడిగింది. అవునంటే కలెక్టరుగారి విచారణ, నర్సమ్మకీ నాకూ మెమోలు. అదీగాక అనసూయ రెండు చేతులూ జోడించింది.

“మేడమ్, ఆవిడ పోయిందని నా చేత్తో నేను నొక్కలేనండి. అందులో ఇవాళ శుక్రవారం.”

వలస నొక్కితే, వెళ్ళిన చోటి అంగన్‌వాడీ టీచరు ఆమెను స్వీకరించాలంది. పుట్టిల్లు నొక్కితే పుట్టింటి కేంద్రం కోడు అడిగింది.

“ఈవిడ పుట్టిల్లు ఎక్కడ?” అన్నాను.

“నజరేతండి.”

“ఏ మండలం?”

అనసూయ నావంక జాలిగా చూసింది. అడగడం నా డ్యూటీ, అడిగాను. దాంతో మరియమ్మ మా కేంద్రంలో శాశ్వత సభ్యురాలైంది. ఆవిడ పేర రోజూ గుడ్డూ పాలూ అన్నమూ మంజూరు కావడం మొదలైంది. మంజూరైనది పంచకపోతే టీచరుకు నోటీసు వస్తుంది. అనసూయ పటానికి ఫోను చూపించి పచ్చ గుండ్రం తెప్పించి, పళ్ళెం తెచ్చి సువార్త ముందు పెట్టేది.

“ఆ తల్లి పేరు చెప్పుకోని తింటన్నానమ్మా” అనేది సువార్త, గుడ్డు ఒలుచుకుంటూ. “రొట్టెలు కాల్చుకునే మనిషంట గదా, ఏమనుకోదులే.”

కొద్దిరోజుల్లోనే రూతు చెంపల మీద కాస్త రంగు కనిపించింది. మనసుకు హాయిగా ఉండేది. ఇలా జరిగిపోయినా ఎవరికీ నష్టం లేదు. కానీ మా శాఖలో మంచి జరిగితే ఎవరో ఒకరు దాన్ని గమనించి తీరతారు.

గమనించింది రాజధానిలో కూర్చుని అందరి లెక్కలూ చూపించే డాష్‌బోర్డు. రాష్ట్రం మొత్తం మీద ఒక్క రోజు కూడా మానకుండా కేంద్రానికి వస్తున్న బాలింత ఎవరని దాన్ని అడిగితే దొరసానిమెట్ట మరియ అని చెప్పిందట. మొహం ఎప్పుడూ ప్రసన్నం. ఫిర్యాదులు లేవు. బిడ్డ బొద్దుగా, ముద్దుగా, ఫొటోలోనే ఆరోగ్యం ఉట్టిపడుతూ ఉన్నాడు. ‘అభినందనలు’ అని జిల్లాకు ఉత్తరం వచ్చింది. మా ప్రాజెక్టు డైరెక్టరు, అంటే పి.డి., చిత్తరంజన్ గారు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని, ఆదర్శ బాలింతను స్వయంగా అభినందించడానికి జీపులో వచ్చారు.

గది గుమ్మంలో చెప్పులు విడిచి, మరియమ్మ పటం చూసి అలవాటు చొప్పున రెండు చేతులూ జోడించారు.

“ఓకే. బెనిఫిషరీ ఎక్కడ?” అన్నారు.

“ఈవిడేనండి” అంది అనసూయ.

పి.డి. గారు జోడించిన చేతులు చటుక్కున విడదీసుకున్నారు. లబ్ధిదారులకు దండం పెట్టే ఆనవాయితీ మా శాఖలో లేదు. కాసేపు ఫోను చూశారు, కాసేపు పటం చూశారు, మళ్ళీ ఫోను చూశారు. రెండూ సరిపోయాయి.

“చూడమ్మా సూపర్‌వైజర్” అన్నారు నావైపు తిరిగి. “క్షేత్రస్థాయి వాస్తవం అనేది డాష్‌బోర్డుకు అనుగుణంగా ఉండాలి. సిస్టమ్ ఈమెను తీసుకుంది. రాష్ట్రస్థాయిలో అప్రిషియేషన్ ఇచ్చింది. ఇప్పుడు ఈమె లేదు అని మనం రాస్తే, రేపు మనం లేము అని ఇంకొకరు రాస్తారు.”

“పటం అండీ” అన్నాను, నా వంతుగా.

“అది మీ అభిప్రాయం” అన్నారాయన.

అప్పుడే ఆయన కళ్ళు గోడవారన కూర్చుని అన్నం కలుపుకుంటున్న సువార్త మీద పడ్డాయి. ఎవరీమె, ఎవరి రేషను తింటోంది అని అడిగారు. అనసూయ నిజం చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. పి.డి. గారి మొహం గంభీరంగా మారింది. ఒక బాలింత నోటి దగ్గర ముద్దను ఇంకొకరు లాక్కోవడం చూస్తే తన హృదయం ద్రవిస్తుందన్నారు. ద్రవించిన హృదయంతోనే అక్కడికక్కడ ఆర్డరు చెప్పి నాచేత రాయించారు. ‘లబ్ధిదారు శ్రీమతి మరియకు చెందిన పౌష్టికాహారమును అనర్హులకు దారి మళ్ళించుట తీవ్రముగా పరిగణించబడును. ఇకమీదట ఆహారమును లబ్ధిదారు సమక్షముననే వడ్డించి, ఛాయాచిత్రము తీయవలెను. వినియోగించబడని ఆహారమును నిబంధనల ప్రకారము పారవేయవలెను.’

“నేను అనర్హురాల్నా అయ్యా?” అంది సువార్త, చెయ్యి పళ్ళెంలోనే ఉంచి.

“నువ్వు అనర్హురాలివని నేననలేదమ్మా. నువ్వు నువ్వేనని ముందు ప్రూవ్ కావాలి. మొహం కొంచెం ఇంప్రూవ్ చేసుకుని రా” అని ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు.

ఆ రోజు నుంచి పళ్ళెం పటం ముందు పెట్టడం, ఫొటో తీయడం, తర్వాత మెట్ట కింద గుంటలో పారబోయడం. మెట్ట మీద కాకులు నిగనిగలాడుతూ బలిశాయి. సువార్త మాత్రం రోజూ వచ్చేది. మొహానికి పౌడరు రాసుకుని, తల నున్నగా దువ్వుకుని, బుగ్గల్లో గాలి నింపుకుని ఫోను ముందు నిలబడేది. ఎర్ర గుండ్రం. గుడ్డు గుంటలోకి పోయేటప్పుడు మాత్రం చూసేది కాదు, పక్కకి తిరిగేది. అనసూయ ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నంలో సగం పెట్టేది. రూతు చెంపల రంగు మళ్ళీ పోయింది. అదంతా చూస్తూనే ఆర్డరు అందినట్టు సంతకం పెట్టాను.

ఈలోగా పి.డి. గారికి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఎర్ర గుండ్రాల పుణ్యమా అని దొరసానిమెట్టలో లబ్ధిదారులు సగానికి సగం తగ్గిపోయారు. తక్కువమంది ఉన్న కేంద్రాలను ఎత్తేస్తారు. అందుకని గోడ మీద ఖాళీగా ఉన్నవాళ్ళను కూడా నమోదు చేయమన్నారు. దాన్ని ఆయన ‘శాచురేషన్’ అన్నారు. రెక్కల పిల్లలిద్దరూ ప్రీస్కూల్లో చేరారు. హాజరు నూటికి నూరు. రెక్కలున్నాయి గనక ‘ప్రత్యేక అవసరాలు గల బాలలు’ అనే గడిలో టిక్కు పెట్టాం. ఎర్ర టోపీ పెద్దమనిషి మా శాఖ కిందికి రాడు, ఆయన్ని వృద్ధాప్య పెన్షను వాళ్ళకు అప్పగించాం. దీన్ని ‘కన్వర్జెన్స్’ అంటారు. బతికే ఉన్నాడని ధ్రువీకరణ కోసం వాళ్ళ మనిషి వచ్చి, ఆ చూపు తట్టుకోలేక వెంటనే సంతకం పెట్టి వెళ్ళాడు.

చిక్కల్లా పక్కకి తిరిగి కూర్చున్న ఆవిడతో వచ్చింది. రెండు కళ్ళూ కనపడితే గానీ యాప్ ఒప్పుకోదు. దివ్యాంగుల క్యాంపు నుంచి డాక్టరు గారిని పిలిపించారు. ఆయన నెమ్మదస్తుడు, అబద్ధం రాయడు. పటాన్ని టార్చి వేసి పరీక్షించి, ‘ఎడమ కన్ను కనిపించుట లేదు’ అని రాసిచ్చారు. ఎవరికి కనిపించటం లేదో రాయలేదు.

మరియమ్మ విషయంలో కూడా పైనుంచి చిన్న చిన్న సూచనలు రాకపోలేదు. ‘లబ్ధిదారు తల వెనుక పళ్ళెము వంటి మెరయు వస్తువు ఉన్నది. ఛాయాచిత్ర సమయమున దానిని తొలగించవలెను’ అని సాంకేతిక విభాగం రాసింది. వీలుకాదని రాశాం. ‘శీతాకాలమున శిశువునకు బట్టలు వేయకుండుట తల్లి అజ్ఞానమును సూచించుచున్నది’ అని ఇంకొకరు రాశారు. అనసూయ ఒక చిన్న స్వెట్టరు అల్లి పటానికి గుండుసూదితో గుచ్చబోయింది, చేతులు రాక మానేసింది. తర్వాత అసలు ప్రమాదఘంటిక మోగింది. నెలలు గడుస్తున్నా పిల్లాడి పొడవు వెంట్రుకవాసి కూడా పెరగటం లేదని డాష్‌బోర్డు కనిపెట్టింది. ‘ఎదుగుదల స్తంభించినది. తల్లికి కౌన్సెలింగ్ ఇవ్వవలెను.’

ఆ పని నాకు పడింది. కౌన్సెలింగ్ ఇస్తున్నట్టు ఫొటో కావాలి గనక, పటం ముందు కుర్చీ వేసుకుని, ఫ్లిప్‌చార్టు పట్టుకుని, ఆకుకూరల గురించీ చేతుల శుభ్రత గురించీ చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు, కునికిపాట్లు పడలేదు, అత్తగారి మీద చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే నా మాట అంత శ్రద్ధగా విన్న బాలింత మరొకరు లేరు. నేను చెబుతుంటే వెనక చాప మీద రూతు ఏడుస్తోంది. ఆ ఏడుపులో బలం లేదు. అంత పసిపిల్లలు అలా ఏడవకూడదు. ఫ్లిప్‌చార్టులో తర్వాతి పేజీ ‘బిడ్డ ఆకలిని గుర్తించడం ఎలా’. ఆ పేజీ తిప్పకుండా అక్కడితో ఆపేశాను. ఫొటో బాగానే వచ్చింది.

అప్పుడు ముఖసాక్షికి కొత్త వెర్షను వచ్చింది. కొన్ని జిల్లాల్లో టీచర్లు ఫొటోలకు ఫొటోలు తీసి మోసం చేస్తున్నారని తెలిసి, ఇకమీదట లబ్ధిదారు ఫోను ముందు కళ్ళు ఆర్పాలని నిబంధన పెట్టారు. కళ్ళు ఆర్పితేనే ప్రాణం ఉన్నట్టు. మరియమ్మ ఆర్పలేదు. రెక్కల పిల్లలు ఆర్పలేదు. ఎర్ర టోపీ ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. జిల్లా ఆదర్శ కేంద్రం పొద్దున్నే ఎర్రబారి కూర్చుంది. అందులోనూ ఆ వారమే రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరు మేడమ్ తనిఖీకి వస్తున్నారు. పి.డి. గారు మా అందరికీ ఫోను చేసి తన సర్వీసంతా ఒక రెప్పపాటులో పోయేలా ఉందని బాధపడ్డారు.

ఆయన గొప్పతనం ఏమంటే బాధపడి ఊరుకోరు. సాంకేతిక విభాగంతో మాట్లాడి సాయంత్రానికల్లా మినహాయింపు తెప్పించారు. ‘అనారోగ్య, సాంస్కృతిక లేదా ఇతర అనివార్య కారణముల వలన కనురెప్పలు ఆర్పజాలని లబ్ధిదారుల తరఫున, అదే ఆవాసమునకు చెందిన ఒక ప్రతినిధి కనురెప్పలు ఆర్పవచ్చును.’ ప్రతినిధికి ఆధార్‌తో పోలిక అక్కర్లేదు, కదిలే కళ్ళు రెండుంటే చాలు. బాలింత తరఫున బాలింతే అయితే శ్రేష్ఠం అని కూడా అందులో ఉంది. ఊళ్ళో వేళకు కేంద్రంలో కనపడే బాలింత సువార్త ఒక్కతే.

“ఆవిడ బదులు నేను కళ్ళు ఆర్పాలా?” అంది సువార్త.

“అవునమ్మా. చాలా సింపుల్” అన్నారు పి.డి. గారు. “నీకు ఒక గుర్తింపు కూడా వస్తుంది.”

సువార్త పటం పక్కన నిలబడి కళ్ళు ఆర్పింది. టపటపా ఆర్పింది. మెట్ట మీద సువార్త మొహం చుట్టూ పచ్చ గుండ్రం పడటం అదే మొదటిసారి. కింద పేరు మాత్రం మరియ అని వచ్చింది.

తనిఖీ రోజున గది కడిగి ముగ్గు పెట్టాం. జాయింట్ డైరెక్టరు మేడమ్ కుర్చీలో కూర్చున్నారు, పి.డి. గారు పక్కన నిలబడ్డారు. సువార్త రూతును చంకనేసుకుని వచ్చింది, కళ్ళు ఆర్పింది, పచ్చ గుండ్రం పడింది. మేడమ్ తల ఊపారు. అనసూయ పళ్ళెం తెచ్చి పటం ముందు పెట్టింది. వేడివేడి పప్పన్నం, పైన తెల్లని గుడ్డు. ఫొటో తీశాం. ఇక పళ్ళెం గుంట దగ్గరికి వెళ్ళాలి. అనసూయ వంగేలోపల సువార్త చాప లాక్కుని పటం కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది. గుడ్డు సగం కొరికింది.

“ఏయ్, ఏయ్!” అన్నారు పి.డి. గారు. “అది బెనిఫిషరీ ఫుడ్డు!”

సువార్త గుడ్డు నమిలి మింగేదాకా ఆగింది. ఆ తర్వాత మేడమ్ వైపు చూసింది.

“అమ్మా, నాకు సదువు లేదు, ఒక మాట అడుగుతా. ఆవిడ కళ్ళు ఆర్పలేదని ఆవిడ బదులు నన్ను ఆర్పమంటిరి. ఆర్పినా. ఆవిడ తినలేదు గూడా. మరి ఆవిడ బదులు తినేదెవురు? ఆ మనిషి ఎవురో చూపియ్యండి, నేను పళ్ళెం ఆమెకే ఇచ్చేసి పోతా.”

సువార్త రెండో ముద్ద పెట్టుకుంది. నాకు లేచి ఆమె పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు, నాకింకా సర్వీసుంది.

మేడమ్ పళ్ళెం వంకా పటం వంకా చూశారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, చాలా చదువుకున్న మనిషి. “చిత్తరంజన్ గారూ, ఇక్కడ ఒక పాలసీ గ్యాప్ ఉంది” అన్నారు చివరికి. “రెప్పపాటుకు ప్రతినిధి ఉన్నప్పుడు భోజనానికి ప్రతినిధి లేకపోవడం లాజికల్‌గా నిలబడదు. రేపు ఆడిట్‌లో కాగ్ వాళ్ళు పట్టుకుంటారు.”

“నేనూ అదే చెప్పబోతున్నాను మేడమ్” అన్నారు పి.డి. గారు. “మొదటినుంచీ నాకది వెలితిగానే ఉంది.”

ఉత్తర్వు ఎప్పుడూ లేనంత తొందరగా వచ్చింది. సువార్త ఇప్పుడు ‘ప్రతినిధి భోక్త’. మరియ తరఫున కళ్ళు ఆర్పి, మరియ తరఫున గుడ్డు తిని, మరియ తరఫున పాలు తాగి, మూతి తుడుచుకోవడం ఆమె విధి. తినకపోతే చర్య తీసుకుంటారు. అదే ఉత్తర్వులో, పటంలో శిశువు దిగివచ్చి త్రాసులో కూర్చోలేడు గనక అతని తరఫున తూగడానికి రూతును నియమించారు. ఆడపిల్ల మగపిల్లాడి తరఫున తూగవచ్చునా అని మధ్యలో ఒక ప్రశ్న లేచింది. బరువుకు ఆడామగా తేడా లేదని న్యాయసలహా వచ్చింది.

ఆ తర్వాత జరిగిందంతా శుభమే. సువార్త తింది. పాలు పడ్డాయి. రూతు తాగింది, మెడ నిలబెట్టింది, బోర్లాపడింది, మెల్లమెల్లగా తొడల మీద మడతలు వచ్చాయి. ప్రతి తూకానికీ గీత పైకి ఎక్కింది. డాష్‌బోర్డులో పటంలోని పిల్లాడు ఐదువందల ఏళ్ళ తర్వాత మొదటిసారి పెరగడం మొదలుపెట్టాడు. ‘పునరుజ్జీవన కాలపు పోషకాహార లోపమును అధిగమించిన జిల్లా’ అని పి.డి. గారు రాజధానిలో స్లయిడ్లు వేసి చూపించారు. చప్పట్లు కొట్టారట. బాలింతలకు ఆర్నెల్లు దాటితే గుడ్డు ఆగిపోతుంది. పటంలో పసివాడికి యాప్‌లో పుట్టిన తేదీ లేదు, ఎప్పటికీ ఏడో నెల రాదు గనక సువార్తకు ఆ బాధ లేదు.

సువార్త సొంత పేరు మీద మాత్రం యాప్‌లో ఇప్పటికీ ఎర్ర గుండ్రమే. బుగ్గలు తిరిగి వచ్చాక ఒకసారి ఆశపడి సరిచూశాం. ఈసారి యాప్ తడుముకోకుండా గుర్తుపట్టింది, ‘మీరు మరియ’ అంది. రూతు అనే బిడ్డ ఎక్కడా నమోదు కాలేదు. పుట్టిందో లేదో కూడా మా దగ్గర వివరం లేదు. అనసూయ దీని గురించి బాధపడితే సువార్తే సర్దిచెప్పింది. “పోనీలే టీచరమ్మా. నా పేరు నాకు తెలుసుగా, బిడ్డ పేరు నాకు తెలుసుగా. తినేదానికి ఆవిడ పేరే మంచిది.”

మొన్న నేను గొర్రెలగుంట వెళ్ళాను. అదీ నా సెక్టారే, దొరసానిమెట్టకు పక్క ఊరు. కేంద్రం రేకుల షెడ్డులో ఉంది. గోడకు సున్నం తప్ప ఏమీ లేదు. బాలింతలు బయట అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నారు, ఒళ్ళో పిల్లలతో. అందరికీ ఎర్ర గుండ్రాలే. తిడతారనుకున్నాను. తిట్టడానికి సిద్ధపడే వెళ్ళాను కూడా, ఆ మాటలు పడటం నా ఉద్యోగంలో భాగం. ఎవరూ తిట్టలేదు. అందరి తరఫునా ఒక పిల్ల లేచింది. పేరు మార్తమ్మ, పాతికేళ్ళు కూడా ఉండవు. ఎండకు మాడిపోయిన మొహం.

“మేడమ్‌గారూ, ఒక ఉపకారం చేయండి. గుడ్లు పెట్టమని అడగటంలా” అంది. “సువార్తక్కోళ్ళ ఊళ్ళో ఉన్నట్టు మా సెంటర్లో గూడా ఒక తల్లి పటం పెట్టిచ్చండి. మరియమ్మే కావాలని లేదు, ఎవురైనా పర్లేదు. మా మొహాలు ఎట్టాగూ పనికిరావంట గదా.”

మిగతావాళ్ళంతా అవునన్నట్టు నావైపు చూశారు. ఒళ్ళో పిల్లలు కూడా చూశారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. సంచీలోంచి కాగితం తీసి, ఎన్ని పటాలు కావాలో రాసుకున్నాను.